ఎర్ర టేపుకు పద్దెనిమిది నిమిషాలు

"ఆరింటికి కూడిక. ఐదున్నరకల్లా ఇంట్లో ఉంటారా, ఉండరా? ముందు అది చెప్పండి," అంది భార్య లిడియా ఫోన్లో.

"ఉంటాను," అన్నాడు క్రీస్తుదాసు. ఆ మాట మీద అతనికే నమ్మకం లేదు.

ఆ రోజు జూన్ పంతొమ్మిది. సరిగ్గా మూడేళ్ల కిందట ఇదే రోజున గుంటూరులో డాక్టర్ బిందుమాధవి అతని పుర్రె తెరిచి, మెదడు మీద గడ్డకట్టిన నెత్తురు తీసేసి, మళ్లీ మూసింది. మార్టూరులో గ్రానైటు పలకల దొంగతనం కేసు చూస్తుండగా క్రేను చెయిను తెగి తలకు తగిలింది. బతకడన్నారు. బతికాడు. హెడ్‌కానిస్టేబుల్ ఉద్యోగం వదిలి, గుంటూరుకు మారి డిటెక్టివ్ బోర్డు తగిలించుకున్నది ఆ దెబ్బ తర్వాతే. ఏటా ఆ తారీఖున పాస్టరు గారిని పిలిచి, కృతజ్ఞతా కూడిక పెట్టి, పాతికమందికి భోజనం పెట్టి, తను ఎలా బతికాడో నిలబడి సాక్ష్యం చెప్పడం అతనికి అలవాటు. మొదటి ఏడాది కళ్లనీళ్లతో విన్న చుట్టాలు రెండో ఏడాది నుంచి పాయసం వైపు చూస్తున్నారని లిడియా వేళాకోళం చేస్తుంది. అయినా అతను ఒక్క నిమిషం కూడా తగ్గించడు.

కానీ ఈసారి కూడిక కన్నా ముందు ఇంకొకటి ఉంది. సాయంత్రం ఐదింటికి కోటిరత్నాన్ని మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. మొగుడికి పురుగుమందు పెట్టి చంపిందని కేసు.

పొద్దున తొమ్మిదీ నలభైకి స్టేషన్లో ఆమె ఎదురుగా కూర్చున్నాడు. పెదకాకాని దగ్గర ఐదెకరాల మిరప చేను చేసే మనిషి. చేతివేళ్లకు కాయ ఘాటు ఇంకిపోయి ఉంది. రాత్రంతా నిద్రలేదని కళ్లే చెబుతున్నాయి.

"అన్నయ్యా, నువ్వైనా నమ్ము," అంది.

"నమ్మకం సంగతి తర్వాత చెల్లెమ్మా. నేనడిగినవాటికి ఉన్నదున్నట్టు చెప్పు. బుల్లయ్యకి మొదట తేడా ఎప్పుడొచ్చింది?"

"ఫిబ్రవరిలో. కల్లంలో కాయలు ఎండబోశాం. బస్తాలు లెక్కపెడతా పెడతా ఆగిపోయి, ఇవి ఎవరివే అన్నాడు. ఆటకి అన్నాడనుకున్నా."

"తర్వాత?"

"వారానికి నడక మారిపోయింది. తాగినోడిలా తూలేవాడు. నెలకి చొక్కా గుండీ పెట్టుకోలేకపోయాడు. చెయ్యి దానంతటదే ఎగిరిపడేది. తలుపు చప్పుడైతే చాలు, ఒళ్లంతా ఉలిక్కిపడేది. ఆఖరికి నన్నే గుర్తుపట్టలా."

"నోట్లో చొంగ కారిందా? వాంతులు? ఒళ్లంతా చెమటలు?"

"లేదు."

"కంటిపాప ఆవగింజంత చిన్నదైందా? డాక్టర్లు లైటు వేసి చూశారు కదా."

"చూశారు. పాపలు బానే ఉన్నాయన్నారు. ఏం జబ్బో మాత్రం ఎవరూ చెప్పలా. మే రెండున పోయాడు. ఆ మూడు నెలలూ ఆయన్ని పసిబిడ్డని కడిగినట్టు కడిగా. ఇప్పుడేమో నేనే..."

ఈ మనిషికి క్రీస్తుదాసు ఒక అప్పు పడి ఉన్నాడు. మూడేళ్ల కిందట ఆపరేషనయ్యాక జనరల్ వార్డులో అతని పక్క మంచం బుల్లయ్యదే. ట్రాక్టరు మీంచి పడి తల పగిలి, అతనికన్నా ఐదు రోజుల ముందు ఆపరేషను చేయించుకున్నాడు. లిడియా బెంగతో కళ్లు తిరిగి పడిపోయి రెండు రోజులు ఇంకో గదిలో సెలైను కింద ఉంటే, ఏ చుట్టరికమూ లేని ఈ కోటిరత్నం తన మొగుడికి తాగించిన రాగిజావలోనే సగం మిగిల్చి క్రీస్తుదాసు నోట్లో చెంచాతో పోసింది. ఆ రుచి అతనికి ఇంకా గుర్తుంది. ఉప్పు ఎక్కువైంది. అంత మంచి జావ అతను మళ్లీ తాగలేదు.

గుమ్మంలో బూట్ల చప్పుడైంది. సి.ఐ. శ్రీకృష్ణ. పదిహేనేళ్ల కిందట మార్టూరు స్టేషన్లో కొత్త ఎస్సైగా చేరినప్పుడు పంచనామా ఎలా రాయాలో క్రీస్తుదాసు దగ్గరే నేర్చుకున్నాడు. నేర్పినవాణ్ణి చూస్తే నేర్చుకున్నవాడికి ఎందుకో ఒళ్లుమంట.

"అయిందా దాసుగారూ పరామర్శ? ఫోరెన్సిక్ రిపోర్టు వచ్చింది. బుల్లయ్య లివర్లో పురుగుమందు ఉంది. పొలం మార్చిలో ఆవిడ పేరున మారింది. తమ్ముడు కంప్లయింటు ఇచ్చాడు. ఇంకేం కావాలి?"

"మిరప రైతు ఒంట్లో పురుగుమందు లేకపోతే ఆశ్చర్యపోవాలి సార్. ఎంత ఉందట?"

"ఆనవాళ్లు."

"ఆనవాళ్లంటే మీ లివర్లోనూ ఉంటాయి. మీరూ మిరపకాయ బజ్జీలు తింటారు కదా. పురుగుమందైతే గంటల్లో వాంతులు, చొంగ, కంటిపాప కుంచించుకుపోవడం. ఆయనకి ఒక్కటీ లేదు."

"మీకు ఆవిడ మీద జాలెందుకో నాకు తెలుసు. ఆస్పత్రిలో జావ పోసింది. జావ పోసిన చెయ్యి విషం పెట్టదని చట్టంలో ఎక్కడుంది?"

"విషం పెట్టిన చెయ్యి మూడు నెలలు మలమూత్రాలు ఎత్తదని కూడా చట్టంలో లేదు సార్. కానీ మనుషులన్నాక కొన్ని తెలుస్తాయి."

"ఐదింటికి మేజిస్ట్రేటు దగ్గర ఉంటా. ఈలోపు మీకు తెలిసింది కాయితం మీద తెస్తే చూస్తా. కబుర్లు తేవద్దు."

క్రీస్తుదాసు బయటికొచ్చి స్కూటరు స్టాండు తీయబోయి ఆగిపోయాడు. అప్పటిదాకా విడివిడిగా ఉన్న రెండు సంగతులు ఒకదాని పక్కన ఒకటి వచ్చి కూర్చున్నాయి.

మార్టూరులో నాగజ్యోతి అని ట్యూషన్లు చెప్పే అమ్మాయి ఉంది. ఆమె అన్న నెల కిందట ఇతని దగ్గరికి వచ్చి, చెల్లెలికి ఎవరో చేతబడి చేశారు, పట్టుకోండి అన్నాడు. చేతబడులు తన శాఖ కాదని చెప్పి, ఊరికే చూసి వద్దామని నిన్న ఆమె ఉన్న ప్రభుత్వాసుపత్రికి వెళ్లాడు. తూలే నడక, ఎగిరిపడే చెయ్యి, మతిమరుపు. అక్కడి పెద్ద న్యూరాలజీ ప్రొఫెసరు స్కానింగు చూపించి ఓపిగ్గా చెప్పాడు.

"దీన్ని ప్రియాన్ జబ్బంటారు. పురుగు కాదు, సూక్ష్మజీవి కాదు. మన అందరి మెదడులో ఉండే ఒక మాంసకృత్తే. సరైన మడతలో ఉన్నంతసేపూ దాని పని అది చేసుకుంటుంది. ఒక్కటి మడత తప్పిందనుకోండి, పక్కదాన్ని పట్టుకుని తనలాగే మడిచేస్తుంది. అది ఇంకోదాన్ని. ఏళ్ల తరబడి చడీచప్పుడూ ఉండదు. బయటపడ్డాక నెలల్లో మనిషి అయిపోతాడు. మందు లేదు."

"అంటుకుంటుందా సార్?"

"ముట్టుకుంటే, పక్కన పడుకుంటే అంటుకోదు. ఎక్కువమందికి దానంతటదే వస్తుంది, పది లక్షల్లో ఒకరికి. ఈ అమ్మాయికి ఇంత చిన్న వయసులో ఎందుకొచ్చిందో నాకూ తెలియట్లేదు."

పది లక్షల్లో ఒకరికి వచ్చే జబ్బు ఒకే జిల్లా చుట్టుపక్కల ఇద్దరికి. ఆ ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్నదేమిటి? నిన్న నాగజ్యోతి జుట్టు పక్కకి తీసినప్పుడు చెవి పైన నెలవంకలా ఒక మచ్చ కనబడింది. బుల్లయ్యకీ అలాంటిదే ఉండేది. క్రీస్తుదాసు చెయ్యి దానంతటదే తన తల మీదికి వెళ్లింది. అక్కడా అదే కుట్టు, అదే వంపు. ముగ్గురివీ ఒకే డాక్టరమ్మ చేతులు.

కోటిరత్నం నిర్దోషి అని నిరూపించాలంటే, ఆ జబ్బు ఆపరేషను సామాను మీంచి వచ్చిందని నిరూపించాలి. అదే నిజమైతే ఆ వారంలో ఆ సామాను కింద తల పెట్టిన వాళ్లలో తనూ ఉన్నాడు. ఈ కేసు గెలిస్తే తను ఓడినట్టే. నెమ్మదిగా స్కూటరు స్టార్టు చేశాడు. జావ తాగిన నోటితో కాదనడానికి మనసు రాలేదు.

బిందుమాధవి ఆస్పత్రిలో, అమ్మగారు ఉదయం నుంచీ ఆపరేషన్లలో ఉన్నారు, రెండున్నరకు గానీ కుదరదు అన్నారు. రెండున్నరకు బిందుమాధవి అతన్ని చూసి నవ్వింది.

"రండి దాసుగారూ! ఇవాళ మీ రెండో పుట్టినరోజు కదా. కాజాల డబ్బా ఏది?"

ఏటా ఈ రోజున ఆమెకు కాజాలు తెచ్చి ఇవ్వడం, కాళ్లకు దణ్ణం పెట్టబోతే ఆమె కసరడం మామూలే. ఇవాళ వట్టి చేతులతో వచ్చాడు.

"అమ్మా, ఇవాళ ఒక ప్రశ్న తెచ్చాను. మూడేళ్ల కిందట జూన్లో, బుల్లయ్యకన్నా ముందు మీరు తల తెరిచింది ఎవరికి?"

ఆమె కళ్లు మూసుకుని ఆలోచించింది. "ఇమ్మానుయేలు మాస్టారని, రిటైరైన టీచరు. ఉన్నట్టుండి మతి తప్పింది, నడక తూలింది. స్కానింగులో ఏమీ తేలలేదు. చిన్న ముక్క తీసి బెంగుళూరు ల్యాబుకి పంపాను. రెండు నెలలకు పోయారు పాపం. రిపోర్టులో ఏమీ తేలలేదని మా మరిది కోటేష్ చెప్పాడు. ఆస్పత్రి మేనేజరు వాడే కదా."

"రిపోర్టు మీరు చూశారా?"

"లేదు." ఆమె నవ్వు ఆగిపోయింది. "ఎందుకు?"

అతను బుల్లయ్య సంగతి, నాగజ్యోతి సంగతి చెప్పాడు. ఒక్కో మాటకీ ఆమె మొహంలో రంగు మారుతూ వచ్చింది.

"మాస్టారిది ఆ జబ్బే అయితే సామాను మామూలుగా ఉడకబెడితే చాలదు," అంది మెల్లగా. "ఎలా చస్తుంది, దానికి ప్రాణముంటేగా? ఉక్కుని అంటిపెట్టుకుని ఉంటుంది. ఘాటు క్షారంలో నానబెట్టి, నూట ముప్ఫై నాలుగు డిగ్రీల్లో పద్దెనిమిది నిమిషాలు ఉంచాలి. అదైనా పూర్తి నమ్మకం లేదు. నాకు తెలిసుంటే ఆ సెట్టు మొత్తం పారేయించేదాన్ని. నా దగ్గర మూడు సెట్లున్నాయి. మాస్టారికి ఏది వాడానో, మీకు ఏది వాడానో రిజిస్టరులోనే ఉంటుంది."

మీకు అన్న దగ్గర ఆమె గొంతు తగ్గింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

"సామాను కడిగే గది చూడనిస్తారా అమ్మా?"

"చూడండి. నాకు నాలుగింటికి ఇంకో ఆపరేషనుంది, ఆటో నడిపే కుర్రాడు, మెదడులో గడ్డ. థియేటరుకి వెళ్లేముందు నేనూ వస్తాను."

మూడూ ఇరవై. గది చిన్నది. ఒక పక్క కడిగే తొట్టి, ఇంకో పక్క ఆటోక్లేవు, అంటే కుక్కరు లాంటి పెద్ద ఆవిరి యంత్రం. బల్ల మీద నాలుగింటి ఆపరేషనుకు కట్టిపెట్టిన మూట. మూట మీద ఎర్ర టేపు. అరవై ఏళ్ల మనిషి, తెల్లచీర, చేతులకు రబ్బరు తొడుగులు, చిమటాలు తుడుస్తోంది.

"వందనాలమ్మా. నా పేరు క్రీస్తుదాసు. డాక్టరమ్మగారు పంపారు."

ఆమె చెయ్యి ఆగింది. "వందనాలండయ్యా. ఏ క్రీస్తుదాసు గారు? మార్టూరులో చెయిను తగిలిన క్రీస్తుదాసు గారా?"

"నేను నీకు తెలుసా?"

"చూడ్డం ఇదే మొదలండి. పేరైతే బాగా తెలుసు." ఆమె మొహం విప్పారింది. "ఎంత బాగున్నారయ్యా! దేవునికి స్తోత్రం. నా పేరు కొండమ్మ."

అదేమిటో అడగబోతుంటే అతని చూపు గోడ మీద పడింది. ఏ సెట్టు ఎంతసేపు ఉడకాలో రాసిన కాగితం. పచ్చ టేపు, నూట ఇరవై ఒక్క డిగ్రీలు, పదిహేను నిమిషాలు. పసుపు టేపు, అంతే. ఎర్ర టేపు దగ్గర పాత అంకెలు కొట్టేసి, వేరే సిరాతో రాశారు. నూట ముప్ఫై నాలుగు. పద్దెనిమిది. కింద చిన్నగా తారీఖు. మూడేళ్ల కిందటి జూలై ముప్ఫై.

"కొండమ్మా, ఎర్ర టేపుకు ఇది ఎవరు మార్చారు?"

"కోటేష్ గారండి. ఆ రోజు నుంచీ ఎర్ర సెట్టుకి మాత్రం ఎక్కువసేపు పెట్టమన్నారు. ఎందుకో చెప్పలేదు."

"క్షారంలో నానబెట్టమన్నారా?"

"లేదండి. అలా నానబెడితే సామాను నల్లబడిపోద్దిగా."

అతను ఇంకేం మాట్లాడకుండా జేబులోంచి రుమాలు తీసి ఆ ఎర్ర టేపు మూట మీద కప్పి, దాని ముందు నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే కోటేష్ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో రెండు ఫోన్లు.

"ఎవరండీ మీరు? ఇక్కడికి బయటివాళ్లు రాకూడదు."

"వెళ్లిపోతాను. ఒక్క సంగతి చెప్పండి. ఎర్ర సెట్టుకే పద్దెనిమిది నిమిషాలెందుకు?"

"అది జర్మనీ సామానండి. చాలా సున్నితం. అందుకని."

తాడిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసమన్నాడట వెనకటికొకడు. క్రీస్తుదాసుకు ఆ సమయంలోనూ నవ్వొచ్చింది.

"సున్నితమైన సామానుని తక్కువ ఉడకబెడతారా, ఎక్కువ ఉడకబెడతారా?"

కోటేష్ కణతల మీద చెమట పోసింది. "చూడండి, సామాను వల్ల ఎవరికీ మెదడు జబ్బులు రావు. మాది పేరున్న ఆస్పత్రి."

"నేను జబ్బు మాట ఎత్తలేదే! గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు ఎందుకు తడుముకుంటున్నారు?"

కోటేష్ ఫోను తీసి బయటికి నడిచాడు. పన్నెండు నిమిషాల్లో సి.ఐ. శ్రీకృష్ణ లోపలికొచ్చాడు, వెనకాలే కోటేష్.

"ఏంటండీ దాసుగారూ, ఆస్పత్రిలో జొరబడి ఆపరేషను సామాను పట్టుకుని కూర్చున్నారట? లేవండి. లేకపోతే కోటిరత్నం పక్క గదిలో మీకూ చోటుంది."

"ఎత్తి లాకప్పులో వెయ్యండి సార్, వస్తాను. కానీ ఈ మూటని నాతోపాటే సీజు చెయ్యండి. ఇంకో పావుగంటలో ఇది ఒక కుర్రాడి తల్లోకి వెళ్తుంది."

"ఏముంది అందులో?"

"బుల్లయ్యని చంపింది ఉంది."

క్రీస్తుదాసు గోడ మీది కాగితం చూపించాడు. ఒక్కొక్కటే చెప్పాడు. మాస్టారి తల్లోంచి తీసిన ముక్క, బెంగుళూరు రిపోర్టు, జూలై ముప్ఫైన మారిన నిమిషాలు. శ్రీకృష్ణకు కోపం ఎక్కువే గానీ బుర్ర తక్కువ కాదు. కోటేష్ వైపు తిరిగాడు.

"ఏ సెట్టు ఎవరికి వాడారో రాసే రిజిస్టరు తెప్పించండి."

వచ్చింది. మే నెల పేజీలు శుభ్రంగా ఉన్నాయి. తర్వాత ఆగస్టు.

"జూన్, జూలై ఏవి?"

"చెదలు పట్టిందండి. తీసేశాం," అన్నాడు కోటేష్.

"భలే చెదలయ్యా," అన్నాడు క్రీస్తుదాసు. "మే నెలని ముట్టుకోకుండా, ఆగస్టుని గీరకుండా, మధ్యలో రెండు నెలలే తిన్నాయి."

మూడూ యాభై ఐదు. థియేటరు దుస్తుల్లో బిందుమాధవి వచ్చింది. వస్తూనే ఆమె చూసింది మనుషుల్ని కాదు, గోడ మీది కాగితాన్ని. ఆ రెండు అంకెలూ చదివింది.

"కోటేష్, రిపోర్టులో ఏముంది?"

"వదినా, అప్పటికే ముగ్గురు నలుగురికి వాడేశాం. బయటపడితే ఆస్పత్రి మూతపడేది. అందుకే ఆ సెట్టు వీలైనంత తక్కువ వాడేలా చూసి, కాస్త ఎక్కువసేపు ఉడకబెట్టిద్దామని..."

"నాకు చెప్పాల్సింది."

"నువ్వు ఊరుకోవని చెప్పలా."

ఆమె వాకిట్లో ఉన్న నర్సును పిలిచింది. "ఆ ఆటో కుర్రాడికి ఇవాళ ఆపరేషను లేదని చెప్పు. వాళ్లమ్మకి నేనే వచ్చి మాట్లాడతాను. మూడు సెట్లూ బయటికి తియ్యొద్దు." తర్వాత సి.ఐ. వైపు తిరిగింది. "రాసుకోండి. నా ఆస్పత్రి, నా చేతులు, నా పేరు ముందు రాయండి. రిపోర్టు వచ్చిందా అని అడగడం నా పని. అడిగాను. చూడలేదు."

క్రీస్తుదాసు ఈమె మీద కోపం తెచ్చుకుందామని చూశాడు, రాలేదు. మూడేళ్ల కిందట ఈమె లేకపోతే ఇవాళ ఇలా అనుమానించడానికైనా తను ఉండేవాడు కాదు.

శ్రీకృష్ణ ఎర్ర టేపు మూటకు సీలు వేయించాడు. కానీ చేతి గడియారం చూసుకుని తల అడ్డంగా ఊపాడు.

"దాసుగారూ, ఇక్కడేదో జరిగిందని ఒప్పుకుంటా. కానీ ఈ ఎర్ర సెట్టే మాస్టారికీ, బుల్లయ్యకీ వాడారని ఎక్కడుంది? పచ్చది వాడుంటే? పసుపుది వాడుంటే? అలా అయితే మీ కథంతా గాల్లో దీపం. మేజిస్ట్రేటు నన్ను కాయితం అడుగుతాడు. ఇరవై నిమిషాల్లో నేను బయల్దేరాలి."

కోటేష్ ఊపిరి పీల్చుకున్నాడు. ఆ చప్పుడు అందరికీ వినబడింది.

"అయ్యా," అంది కొండమ్మ.

అప్పటిదాకా మూల నిలబడ్డ ఆమెను అందరూ మర్చిపోయారు. రబ్బరు తొడుగులు విప్పి, బీరువా వెనకనుంచి ఒక సంచి తీసింది. సంచిలో బైబిలు, దాని కింద క్యాలెండరు కాగితంతో అట్టవేసిన లాంగ్ నోటుబుక్కు.

"నేనిక్కడికి రాకముందు మిర్చియార్డు దగ్గర కాయకి తొడిమలు తీసేదాన్నండి. చదువు రాదు. మా సంఘంలో పాస్టరమ్మగారు బైబిలు చదవడానికని అక్షరాలు నేర్పింది. సామాను నా దగ్గరికి వచ్చేటప్పుడు ట్రేలో మనిషి పేరు చీటీ ఉంటది. పారెయ్యమంటారు. ఎవరి తల్లో పెట్టిన సామానో ఆ మనిషి కోసం ప్రార్థన చెయ్యకుండా చీటీ పారెయ్యబుద్ధి కాలేదండి. ఇందులో రాసుకుంటా. పేరు, ఊరు, ఏమైందో, ఏ తారీఖో."

"ఏ సెట్టో రాశావా?" అన్నాడు శ్రీకృష్ణ.

"రంగుతోనే రాస్తానండి. ఎర్ర సెట్టు వాళ్లు ఎర్ర పెన్నుతో, పచ్చ సెట్టు వాళ్లు పచ్చ పెన్నుతో, పసుపు సెట్టు వాళ్ల పేర్లకి పసుపు గీత. వాడినా వాడకపోయినా వారానికోసారి ప్రతి సెట్టూ కడుగుతానండి. ఎర్ర సెట్టు కడిగేటప్పుడు ఎర్ర పేర్లు చదువుతా. పచ్చది కడిగేటప్పుడు పచ్చ పేర్లు. అందర్నీ ఒకేసారి తలవాలంటే పని తెమలదు కదండీ. చదివినప్పుడల్లా పేరు పక్కన ఒక టిక్కు పెడతా."

శ్రీకృష్ణ పుస్తకం లాక్కున్నంత పని చేశాడు. పేజీలు తిప్పి, జూన్ దగ్గర ఆగి, ఎర్ర అక్షరాలు పైకి చదివాడు.

"జూన్ పదకొండు. ఇమ్మానుయేలు మాస్టారు. మతి తప్పినారు." ఒక క్షణం ఆగాడు. "జూన్ పద్నాలుగు. బుల్లయ్య, పెదకాకాని. ట్రాక్టరు మీంచి పడినారు."

డాక్టరమ్మ కుర్చీలో కూలబడింది. "దొరికింది," అన్నాడు శ్రీకృష్ణ, ఆ గొంతులో ఇప్పుడు వెటకారం లేదు. "జూన్ పదహారు. నాగజ్యోతి, మార్టూరు. తల్లో గడ్డ. జూన్ పంతొమ్మిది..."

ఆగిపోయాడు. తలెత్తి క్రీస్తుదాసును చూశాడు. మళ్లీ పుస్తకంలోకి చూశాడు. చదవలేదు.

"చదవండి సార్. టైమవుతోంది."

"మీరే చూడండి," అని పుస్తకం అందించాడు. కోపిష్టి శ్రీకృష్ణ అంత మెత్తగా మాట్లాడగలడని క్రీస్తుదాసుకు ఆ రోజే తెలిసింది.

ఎర్ర అక్షరాలు, పెద్దపెద్దవి, వంకరటింకరవి. *క్రీస్తుదాసు, మార్టూరు. చెయిను తగిలింది. బారియా పేరు లిడియా.* పేరు పక్కన టిక్కులు. ఆ వరస నిండిపోయి, కింద వరసలోకి, అంచు తిరిగి పక్క పేజీలోకి పాకాయి. నిన్నటిది కూడా ఉంది.

భయం వేసింది. కానీ దాన్ని వెనక్కి నెట్టుకుంటూ ఇంకొకటి వచ్చింది. మూడేళ్లుగా తను పాతికమందికి పాయసం పెట్టి, డాక్టరుకు కాజాలిచ్చి, దేవుడికి పాటలు పాడి, అందరికీ కృతజ్ఞత చెప్పేశాననుకున్నాడు. తను మొహమైనా ఎరగని ఒక మనిషి ఈ చీకటి గదిలో తొట్టి ముందు నిలబడి, ఇన్నిసార్లు తన పేరు పలికిందని తెలియదు. ఆఖరికి లిడియా పేరు కూడా వదల్లేదు.

"అమ్మా కొండమ్మా," అన్నాడు. ఆమె రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. ఆ చేతులకు సబ్బు వాసన.

శ్రీకృష్ణ గుమ్మం దగ్గరికెళ్లి ఫోన్లో గట్టిగా మాట్లాడుతున్నాడు. "ఆవిణ్ణి కోర్టుకి తీసుకెళ్లండి, నేనే వస్తున్నా. రిమాండు అడగట్లేదు. కొత్త ఆధారం దొరికిందని మెమో రాస్తా. ఆఁ, ఇంటికే. ముందు ఏమన్నా తినిపించండి, పొద్దుట్నుంచీ తిన్నట్టు లేదు." ఫోను పెట్టేసి, కోటేష్ భుజం మీద చెయ్యి వేశాడు. "మీరు మాత్రం నాతో రండి. రిపోర్టు ఎక్కడ పెట్టారో దారిలో చెబుదురు గానీ."

వెళ్తూ వెళ్తూ క్రీస్తుదాసు దగ్గర ఆగాడు. "పంచనామా మీరే రాయండి దాసుగారూ. నాకు మీ అంత బాగా రాదు. కోర్టుకి ఈ పేజీల ఫొటోలు తీసుకున్నా, పుస్తకం పంచనామాతోపాటు రేపు పొద్దున తెచ్చివ్వండి."

బిందుమాధవి లేచి వచ్చింది. "మీకు ఇప్పటిదాకా ఏ లక్షణమూ లేదు. అందరికీ రావాలని లేదు. కడిగినకొద్దీ, వాడినకొద్దీ అది తగ్గుతూ వస్తుంది. కానీ రాదని మీకు మాటివ్వలేను."

"మూడేళ్లు ఇచ్చారు కదమ్మా. అడక్కుండానే ఇచ్చారు," అన్నాడు అతను.

నాలుగూ యాభై. కొండమ్మ ఖాళీ బల్ల వైపు చూస్తూ నిలబడింది. ఎర్ర మూట ఇప్పుడు సీలు వేసిన పెట్టెలో పోలీసుల జీపులో ఉంది.

"అయ్యా, ఒక మాట. ఎర్ర సెట్టు ఇక రాదు కదా. మరి ఈ ఎర్ర పేర్లు నేనెప్పుడు చదవను?"

క్రీస్తుదాసు పేజీలు తిప్పి లెక్కపెట్టాడు. మాస్టారి తర్వాత నుంచి నిన్నటి దాకా ఎర్ర అక్షరాల్లో ఇరవై ఆరుగురు. పెదకాకాని, మార్టూరు, ఇంకా తను పేరు కూడా వినని ఊళ్లు. బుల్లయ్య పోయాడు. నాగజ్యోతి మంచంలో ఉంది. తనను తీసేస్తే మిగిలిన ఇరవై ముగ్గురూ ఈ సాయంత్రం ఎక్కడో పత్తి చేలోనో, ఆటోలోనో, వంటింట్లోనో ఉన్నారు. వాళ్లకేమీ తెలియదు.

"ఇక నుంచి నేను చదవాలమ్మా. గుమ్మం గుమ్మానికీ వెళ్లి చదవాలి. నువ్వూ రా. నేనొక్కణ్ణే చెబితే తట్టుకోలేరు."

"వస్తానయ్యా. మొదట ఏ ఊరు?"

జేబులో ఫోను మోగింది. లిడియా. "ఏవండీ, పాస్టరు గారు వచ్చేశారు. ఈసారి సాక్ష్యం కాస్త పొట్టిగా చెప్పండి, పిల్లలకి ఆకలేస్తుంది. బయల్దేరారా?"

"బయల్దేరా. ఇంకో మనిషిని తీసుకొస్తున్నా. మనం మూడేళ్ల కిందటే పిలవాల్సిన మనిషి. ఒక ఆకు ఎక్కువ వెయ్యి."

"ఎవరండీ? గొంతు అలా ఉందేంటి?"

"వచ్చి చెప్తా," అని ఫోను పెట్టేసి, ఎర్ర అక్షరాల పుస్తకం చొక్కా లోపల పెట్టుకున్నాడు.

"మొదటి గుమ్మం మాదేనమ్మా," అన్నాడు కొండమ్మతో. "పద."